అత్త గొంతుకు నా సంతకం

డుంబ్రిగుడ,
బుధవారం.

బావకి,

ఇక్కడ అత్త, నేను, మేకలు, అందరం క్షేమం. కురుపాం కొండమీద నువ్వూ నీ హాస్టల్ పిల్లలూ బాగున్నారని తలుస్తాను. సిగ్నల్ అందని చోట పాఠాలు చెప్పే మొగుడుంటే ఉత్తరాలు రాయడం తప్పదు కదా.

నిద్ర పడుతోందా అని అడిగావు. నిన్నటిదాకా వారం పాటు లేదు. కాఫీ మానెయ్యమన్నావు. కాఫీ తోటలో పుట్టినదాన్ని, పాపం దాని మీద నింద వెయ్యకు.

కారణం మన కువి భాష కథల యాప్, నీ పిల్లలు ట్యాబ్‌లో వినేదే. అరకు మిషన్ స్కూల్లో నాతో చదివిన సోఫియా నాలుగేళ్లు జీతం లేకుండా రాసింది. కోడ్‌లో నేనూ ఓ చెయ్యి వేశాను, అత్త గొంతిచ్చింది. ఓపెన్ సోర్స్ కాబట్టి ఎవరైనా ఊరికే దించుకోవచ్చు, మార్చుకోవచ్చు. ఇప్పుడో కంపెనీ దాన్ని కొంటోంది. ఇకమీద చేసేవి తాళం వేసి అమ్ముకుంటారు. సోఫియాను తప్పుపట్టలేను. అంత ఓపిక నాకైతే ఏడాది కూడా ఉండదు.

ఇక దాచింది చెప్తాను. పోయిన సోమవారం కంపెనీ కాగితం మీద సంతకం పెట్టేశాను. నా కోడ్‌తో పాటు అత్త గొంతు కూడా రాసిచ్చేశాను. ఆమెను అడగలేదు. సిగ్గుగా ఉంది బావా.

నిన్న అత్త సామ విత్తనం చెరుగుతుంటే పక్కన కూర్చుని ఒప్పేసుకున్నాను. చేట ఆగలేదు.

"ఇంతకుముందు పంచింది ఎనక్కి లాక్కుంటారేటి?"

లేదు, పాతది ఎప్పటికీ అందరిదే అన్నాను.

"అయితే బెంగేటి? ఇత్తనం నాలుగిళ్లల్లో ఉంటే పంట పోదు. కానీ గుంటా, నా గొంతు ఇచ్చినప్పుడు నన్ను అడగాల."

ఏడ్చేశాను. వేలిముద్ర వేసే అత్తకు లైసెన్సు సంగతి నాకంటే బాగా తెలుసు. ఈ ఉదయమే కంపెనీకి రాశాను, ఆ గొంతు నాది కాదు, దాని మీద నా సంతకం చెల్లదని. ఏమంటారో చూడాలి.

పాత యాప్ మొత్తం ఈ కవరులోని మెమరీ కార్డులో ఉంది. ట్యాబులన్నిటిలో వెయ్యి, పక్క స్కూళ్లకీ ఇవ్వు. నిన్న మధ్యాహ్నం అత్త కొత్త కథ కూడా చెప్పింది, అదీ కార్డులో వేశాను. ఈ కథ ఎవరైనా వినొచ్చు, ఎవరైనా చెప్పొచ్చు అని కథ మొదట్లో తనే అంది. రికార్డ్ చేస్తూ నేను చేట పక్కనే నిద్రపోయానట. చివర్లో వినిపించే గురక నాదే. అత్త ఆ ముక్క కొయ్యనివ్వలేదు. నువ్వూ కొయ్యకు, పిల్లల్ని నవ్వనీ.

ఇట్లు,
వారం తర్వాత కునుకు తీసిన
నీ మరదలు రత్న