ముగిసిందా, ఇంకా జరుగుతాందా

ఏమయ్యా,

ఈ ఉత్తరం యాడికి పంపాలో తెలీదు. అయినా రాస్తాండా. వానల్లేక శెనిక్కాయ చేను ఎండిపోయిన ఏడు నువ్వు పనికని బళ్ళారి పోయినావు. ఈ పొద్దుకు సరిగ్గా ఆరేండ్లు.

ఈరోజు కళ్యాణదుర్గంలో మెట్రిక్ ఇంగ్లీషు పరీక్ష రాసినా. పాసైతే మనూరి బాలవాడీలో టీచరు పని ఇస్తారంట. పేపర్లో ఒక వాక్యం ఇచ్చినారు: పొద్దున్నుంచి బస్సు కోసం చూస్తాండాము, అది రాలేదు. దానికి "హావ్ వెయిటెడ్" రాయాలా, "హావ్ బీన్ వెయిటింగ్" రాయాలా?

ట్యూషన్‌లో నన్ను తిప్పలు పెట్టింది ఇదే. "పని ముగిసిపోతే వెయిటెడ్, ఇంకా జరుగుతాంటే బీన్ వెయిటింగ్" అని అయ్యవారు చెప్పినాడు.

"బస్సు ఇంక రాదని తెలిసిపోతే?" అని అడిగినా.

ఆయన నా మొగం చూసి, మెల్లగా అన్నాడు: "తెలిసినా ఆడే నిలబడి ఉంటే, బీన్ వెయిటింగేనమ్మా."

ఈరోజు పరీక్షలో నాకు వెయిటెడ్ అనే రాయాలనిపించింది. కానీ ఒక్క మార్కు పోయినా కష్టమే. రెండోదే రాసినా.

ఇంటికొస్తే మీయమ్మ గడప మీద కూర్చోనుండాది. "పాసైతే ఈడ్నుంచి పోతావా?" అనింది.

"బాలవాడీ మనూర్లోనేలే అత్తా" అన్నా.

"మంచిదైంది. వాడొచ్చేతలికి ఇంట్లో మనిషుండాల కదా" అనింది.

నేను సంగటికి ఎసరు పెడతాంటే, నీకూ కలిపి ముగ్గురికీ సరిపోయేట్లు చేయమనింది. రోజూ చెప్పే మాటే. ఈరోజు కూడా అట్లే చేసినా.