సారు కోసం లావు గీతలు

1988 జూలై, మంగళవారం. రేపల్లె.

తెనాలిలో నేను రోజూ వెళ్లే డ్రాయింగు క్లాసులో ఇవాళ మా గుట్టు బయటపడింది. డ్రాయింగులో కొలతల గీతలు సన్నగా ఉండాలని నేర్పింది మా సారే. ఆయన చూపు తగ్గిందని తెలిశాక, అవి కూడా మెత్తటి పెన్సిలుతో లావుగానే గీస్తున్నాం అందరం. ఆ సంగతి ఎవరూ పైకి మాట్లాడుకోలేదు.

బాపట్ల నుంచి తనిఖీకి వచ్చినాయన నా పంపు డ్రాయింగు పట్టుకుని, "ఏంటమ్మా ఇది? పంపు అంచు ఏదో, కొలత గీత ఏదో తెలియట్లేదు. వర్క్‌షాపులో దీన్ని చూసి ఏం చేస్తారు?" అన్నాడు. ఆ మాటలో తప్పులేదు, అదే నా బాధ.

సారు నా షీటును కళ్ల దగ్గర పెట్టుకుని చూశారు. పక్కవాళ్లదీ చూశారు. మేమేం చేస్తున్నామో ఆయనకి అర్థమైపోయింది. "పొరపాటు నాదేనండి" అన్నారు ఆ తనిఖీ ఆయనతో. తర్వాత నా బల్ల దగ్గర ఆగి, "రేపట్నుంచి గట్టి పెన్సిలే వాడమ్మా. పరీక్ష పోగొట్టుకోకు" అన్నారు.

మరి సన్న గీతలు సారుకెలా కనిపిస్తాయి? కనిపించకపోతే ఉద్యోగం ఉండనిస్తారా?

ఇంటికొచ్చి ఆ షీటు మళ్లీ మొదలుపెట్టాను. గట్టి పెన్సిలే. గీత సన్నగానే వచ్చింది. కాకపోతే కాగితంలో గాడి పడేలా నొక్కి గీశాను. వేలితో తడిమితే సారుకి తెలుస్తుంది.