అక్క చిట్టీ దాచాను

నిర్మల్, 12 ఆగస్టు 1984, ఆదివారం

ఇవాళ ఉట్నూరు బస్సు కండక్టర్ నా చేతికిచ్చిన చిట్టీలో అక్క రోజూలా ‘క్షేమం’ అని ఊరుకోలేదు. ‘వాగు రాత్రంతా నా పక్కన కూర్చుని మాట్లాడింది’ అని రాసింది! అడవి ఊళ్లో నర్సుగా పనిచేసే అక్కకు ఇంత మంచి వాక్యం ఎలా వచ్చింది? ఇంట్లో కథలు రాసేది నేను కదా. అసూయతో దాన్ని నా నోటుపుస్తకంలో దాచేశాను.

చిట్టీ రాని రోజు అక్కకు ఆపద వచ్చినట్టేనని బాపు పెట్టుకున్న లెక్క. చీకటి పడగానే టార్చిలైటు తీసుకున్నాడు.

“వాగు పొంగిందేమో. పిల్ల ఎట్లున్నదో, నేను పోతున్న.”

కూతురి కోసం అవ్వ ఏడుస్తుంటే చూడలేక చిట్టీ ఇచ్చాను.

“గింతసేపు నీ తాననే పెట్టుకున్నవా బిడ్డా?” అన్నాడు బాపు. చదివి, “ఎంత మంచిగ రాసింది!” అని మురిసిపోయాడు. నాకు మళ్లీ కడుపు మండింది.

రేపు పొద్దున్నే బస్టాండుకు వెళ్లి, చేసిన పని అక్కకు రాసి పంపుతాను. ఆ వాక్యం బాగుందని కూడా… రాయగలిగితే.