కొలతల కాగితం

ఎల్ సెడ్రాల్, టెక్సస్
మార్చి 3

చిరంజీవి ఓతీలియాకు,

నాన్న ఆశీస్సులు. నా ఒంట్లో బాగానే ఉంది. నువ్వూ కులాసాగా ఉన్నావని తలుస్తాను.

నువ్వు అడిగినవి: మందులు వేసుకుంటున్నాను. కూర పక్కింటి చోనా పంపుతోంది. పొలం చివర అమ్మ సమాధి దగ్గర గడ్డి ఆదివారం పీకాను. సర్వే వాళ్ళ గుర్తు కర్రలు అక్కడున్న ఊరివాళ్ళ సమాధులకూ మన ఇంటికీ మధ్య పాతారు. సరిహద్దు గోడ లేస్తే అమ్మ నదివైపు ఉండిపోతుంది. గేటు పెడతారట. తాళం గస్తీవాళ్ళ దగ్గర ఉంటుందట.

గోడకు నిధులివ్వాలా వద్దా అని మీ వాషింగ్టన్‌లోనే కాదు, ఇక్కడ రొట్టెల కొట్టులోనూ వాదనే.

"మావాడు గస్తీలో ఉన్నాడు. నిధులాపేస్తే వాడి గతేం కాను?" అన్నాడు కొట్టు రమీరో.

"మరి మీ అమ్మ సమాధి మీద పూలు పెట్టాలంటే ఎవర్నడుగుతావ్? మీవాణ్ణేనా?" అంది చోనా.

రమీరో ఆమెకు మాడిన రొట్టె కట్టి ఇచ్చాడు.

నీ చివరి ప్రశ్నకు జవాబు రాయలేక ఈ ఉత్తరం మూడుసార్లు చింపాను. ఫోన్‌లో చెబుదామంటే నీది అమ్మ గొంతు. పన్నెండో తారీకున గోడ బిల్లు విచారించే కమిటీ ముందు, "మా నాన్న ఏ కాగితం మీదా సంతకం పెట్టలేదు" అని చెప్పబోతున్నావు. చెప్పకు. పెట్టాను.

అమ్మ పోయాక ఇంట్లో తొమ్మిది రోజుల జపమాల ప్రార్థన జరిగింది కదా, అందులో ఆరో రోజు. నువ్వు అప్పటికే వెళ్ళిపోయావు. సర్వే మనిషి వచ్చి, టోపీ తీసి, అందరితో పాటు మోకరించాడు. జపమంతా తప్పు లేకుండా చెప్పాడు. చనిపోయినవాళ్ళ కోసం ప్రార్థించడానికి వచ్చిన మనిషిని ఆ తొమ్మిది రోజులూ మనం దేనికీ కాదనం. కాఫీ ఇచ్చాను.

"ఊరికే కొలతలకండీ మాస్టారూ. పొలంలోకి అడుగుపెట్టనిస్తే చాలు," అన్నాడు.

కాగితం చదివే సంతకం పెట్టాను. ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పినవాణ్ణి, అర్థం కాలేదని అనలేను. అప్పుడే అమ్మ పేరున మోకరించి లేచిన మనిషికి లేదని చెప్పడానికి నోరు రాలేదు.

బిల్లు నెగ్గితే వేసవిలో పని మొదలుపెడతారు. అమ్మను చర్చి శ్మశానానికి మార్చవచ్చని ఫాదర్ గారు ఒక ఫారం ఇచ్చారు. భర్త సంతకం ఒక్కటి చాలట. నేలలో పెట్టిన మనిషిని మళ్ళీ పైకి తీయించమంటావా? తాళం అవతల వదిలేయమంటావా? నాకు పాలుపోవడం లేదు తల్లీ. నిద్ర పట్టడం లేదు.

కమిటీ ముందు నిజమే చెప్పు. నా పేరు కూడా చెప్పు. ఆ తర్వాత తిట్టాలనిపిస్తే ఫోన్ చెయ్యి, ఎత్తుతాను.

ఫారం ఇంకా నింపలేదు. ఈసారి ముందు నిన్ను అడుగుతున్నాను.

ఇట్లు,
మీ అమ్మను కాచుకోలేకపోయిన
నాన్న
అబుందియో