తొలి బిందె నీళ్లు

మడకశిర,
12 మే 2003.

బోరు బండి మీదుండే మామకు, నీ పెండ్లాం ఈశ్వరి మొక్కి రాసేది. ముందు నీ క్షేమం అడగాల. అడగను. అడిగితే అబద్దం చెప్తావు.

నిన్న ఓబుళేసు వచ్చినాడు. మీ బండిలో రాడ్లు ఎత్తే మనిషి ఎట్లయిపోయినాడు మామా, కండ్లు లోపలికి పోయి. గట్టిగా అడిగితే అంతా చెప్పినాడు. పామిడి దగ్గర వీరప్ప చేన్లో నీళ్లు పడినాయంట. టెంకాయ కొట్టి, తొలి బిందె మీ చేతికే ఇచ్చినాడంట. బురద, బోరు వేసేటప్పుడు పోసే సోపు నురగ ఇంకా తేరుకోనేలేదంట. నలుగురూ దోసిళ్లతో తాగి, మిగిలింది బండి మీది డ్రమ్ములో పోసుకున్నారంట. ఇంగ వాంతులు, బేదులు. నువ్వు గుంతకల్లులో గ్లూకోజు ఎక్కించుకోని లేచి, తర్వాత పోయిన ఊర్లో మళ్లీ తొలి బిందె తాగినావంట. నీకు బుద్ధుండాదా?

బూతు నుంచి ఫోను చేసినప్పుడు నాకేం చెప్పినావు? కాచే తాగుతాండామే అంటివి. నేను పంపిన స్టవ్వు మీద కాచేది టీ ఒక్కటేనంట. మూతుండే క్యాను కొనిస్తే దాంట్లో డీజిలు పోసినారంట. ఏడాదిలో పది నెలలు ఆ బండి కిందే పండుకుంటావు, ఆడే తింటావు. అదే నీ ఇల్లు. ఇంట్లో తాగే నీళ్లు చూసుకోనోడివి ఊరందరికీ నీళ్లు తీస్తాండావు. నాకు ఒళ్లు మండిపోతాంది.

తాగకుంటే రైతు నొచ్చుకుంటాడంట, గంగమ్మకు కోపమొచ్చి తర్వాతి బోరు ఎండిపోతాదంట. జబ్బు పడి లేచిన ఓబుళేసు కూడా ఇదే మాట. తల మీద చల్లుకుంటే గంగమ్మ కాదంటాదా అని అడిగినా. కొత్త బోరు నీళ్లు బాగా పారనిచ్చి, ఆపైన కాచి తాగాలని డాక్టరు మీకు చెప్పలేదా? నెత్తిన పోసుకో, కండ్లకద్దుకో. గొంతులోకి మాత్రం పోనియ్యొద్దు. ఇంకోసారి తాగినావని తెలిస్తే బస్సెక్కి వచ్చి, రైతు ముందరే ఆ బిందె తన్ని పారేస్తా.

ఇట్లు,
నీ మీద మండిపడతాండే
ఈశ్వరి

ఇంకొకటి. కావాలనే కడాకు పెట్టినా. వీరప్ప బోరు నీళ్లు సీసాలో పోసి, మీ అమ్మకు తీర్థమని బస్సులో పంపినావు కదా. కాచిస్తానంటే, తీర్థం ఎవరన్నా కాస్తారా అని అత్త నా చేతిలోంచి గుంజుకోని తాగింది. ఆ మర్నాటి నుంచి ఆస్పత్రిలోనే ఉండాది. మూత్రం ఆగిపోయింది, కొడుకును పిలిపించండి అన్నాడు డాక్టరు. నీకు చెప్పొద్దని అత్త నా చేత ఒట్టు పెట్టించుకునింది. తెలిస్తే నువ్వు తొలి బిందె మానేస్తావంట, నీకు ఇంగ నీళ్లు పడవంట. ఒట్టు తప్పి రాసి, ఓబుళేసు చేతికే ఇచ్చి పంపిస్తాండా. ఈ జాబు చూస్తానే వచ్చే బస్సుకే రా. పొద్దున కొంచెం తెలివొస్తే, "మా తిప్పేషు పంపిన నీళ్లు ఇంకా ఉంటే గుక్కెడు పొయ్యవే" అని అడిగింది. వద్దని నువ్వే వచ్చి చెప్పు మామా. నా మాట వినదు.