ఫ్రిజ్ పై అరలో డబ్బా

ఏవండీ,

ఆ డబ్బా మళ్ళీ బాల్కనీలోకి వెళ్ళిందంటే నేను ఊరుకోను. నిన్న అత్తయ్యగారు "పెరుగు పక్కన అదేంట్రా, ఛీ" అనగానే మీరు తీసుకెళ్ళి ఎండలో పెట్టేశారు. శాంభవి మలం శాంపిల్ పాడైందని ల్యాబ్ వాళ్ళు తీసుకోలేదు. పిల్ల పొద్దున్న మళ్ళీ ఇచ్చింది. "నేనంటే ఇంట్లో అందరికీ అసహ్యమా అమ్మా?" అని అడిగింది. ఏం చెప్పమంటారు?

పేగుల్లో వాపు తగ్గినట్టు ఆ పరీక్షలో తేలితేనే డాక్టరుగారు స్టెరాయిడ్ మాత్రలు తగ్గిస్తారు. వాటివల్ల మొహం ఉబ్బిందని అది కాలేజీకే వెళ్ళడం లేదు. దాని ఇంజెక్షన్ అదే ఫ్రిజ్‌లో ఉంటే మాత్రం ఎవరికీ అభ్యంతరం లేదు!

నేను స్కూలుకి వెళ్తున్నాను. మధ్యాహ్నం ల్యాబ్ మనిషి వస్తాడు. డబ్బా మీ చేత్తోనే ఇవ్వండి, అత్తయ్యగారి మీదికి నెట్టకండి.

ఈ జబ్బు మీద డాక్టరుగారు చేస్తున్న పరిశోధనకి శాంభవి తన పేరు ఇచ్చింది. నేనూ సరేనన్నాను. ఇకనుంచి నెలనెలా ఒక డబ్బా ఆ పై అరలోనే ఉంటుంది. అత్తయ్యగారికీ, మీ తమ్ముడికీ, అందరికీ భోజనాల దగ్గర చెప్పండి.

పెరుగుకి మూత బిగుతుగా ఉన్న గిన్నె కొన్నాను. కింద అరలో పెట్టాను. ఇకమీదట ఎవరికైనా ఇబ్బందిగా ఉంటే, జరపాల్సింది ఆ గిన్నెనే.