ఎల్మా గ్లాసు

కోయివురంత వృద్ధాశ్రమం,
మార్చి 9, ఆదివారం.

చిరంజీవి పిన్యాకు,

రౌని ఆశీస్సులు. ఔలులో నువ్వూ మీ అమ్మగారూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ సరస్సు మీద మంచు ఇంకా గట్టిగానే ఉంది. చేపలు పడతానని ఓస్మో తాత రోజూ తలుపు దాకా వెళ్తున్నాడు, మేం రోజూ వెనక్కి తీసుకొస్తున్నాం.

నువ్వు ఎదురుచూసే కబురు ముందు చెబుతాను. ఎల్మా బతికింది. రక్తంలోకి పాకిన ఇన్ఫెక్షన్ మందులకు లొంగింది. మూడు రోజులుగా జ్వరం లేదు, బుధవారం ఆసుపత్రి నుంచి పంపించేస్తామన్నారు.

ఇక రెండో సంగతి. నీ రాజీనామా మేనేజరు మేర్వి గారి బల్ల మీదే ఉంది. శుక్రవారం దాకా దాని మీద సంతకం పెట్టనని ఆవిడ అన్నారు. నీ పద్ధతి వల్లే ఎల్మాకు ఇలా అయిందని అందులో రాశావు. అది నిజం కాదు. నీకు తెలియక రాశావు. తెలిసిన నేను నోరు మూసుకుని కూర్చున్నాను.

నువ్వంటే నాకు గిట్టేది కాదు పిన్యా. వచ్చిన రెండో వారంలోనే, కాఫీ బల్ల దగ్గర అందరి ముందూ నా చేతిలోని మూత్రపరీక్ష స్ట్రిప్ చూసి ఒక మాటన్నావు. "రౌని అక్కా, ఈ వయసులో సగం మందికి జబ్బు లేకున్నా దీని రంగు మారుతుంది. మంట లేదు, జ్వరం లేదు, మందెందుకు? ముందు నీళ్ళు తాగించి చూద్దాం." మర్యాదగానే అన్నావు. కానీ ముప్ఫై ఏళ్ళుగా ఎవరు కాస్త చిరాకుపడినా మూత్రంలో స్ట్రిప్ ముంచి, డాక్టరుకు ఫోన్ చేసి మాత్రలు రాయించినదాన్ని నేను. నా మొహం ఎర్రబడింది. నువ్వన్నది నిజం కావడం మరీ ఒళ్ళు మండించింది.

తర్వాత నువ్వు ఒక్కొక్కటే మార్చుకుంటూ వచ్చావు. అవసరం లేని ముగ్గురికి మూత్రపు గొట్టాలు తీయించావు. ముందు నుంచి వెనక్కే తుడవాలని అందరికీ మళ్ళీ నేర్పావు. తడిసిన డైపర్ క్షణం ఉంచనిచ్చేదానివి కాదు. పొద్దున లేచాక, భోజనానికి ముందు, కాఫీ తర్వాత ఒక్కొక్కరినీ బాత్రూముకు నడిపించేదానివి. ఒంట్లోకి నీరు చేరాలని మధ్యాహ్నం రెండు గంటల కాఫీతో పాటు వేడి వేడి అడవిపళ్ళ రసం ఇప్పించావు. వరండాలో బోర్డు పెట్టి, యూరిన్ ఇన్ఫెక్షన్ లేకుండా ఎన్ని రోజులు గడిచాయో రాయడం మొదలుపెట్టావు. మేర్వి గారు వచ్చిన చుట్టానికల్లా ఆ బోర్డు చూపించేవారు. నా ముప్ఫై ఏళ్ళకు ఏ బోర్డూ లేదు.

అదైనా ఓర్చుకునేదాన్నేమో. ఎల్మా నా మనిషి. పదకొండేళ్ళుగా ఆమె జడ నేనే వేశాను, శనివారం ఆవిరిస్నానంలో వీపు నేనే రుద్దాను. ఏడాదికి నాలుగుసార్లు మంటతో, జ్వరంతో మూలిగితే పక్కన కూర్చున్నది నేను. నువ్వొచ్చాక ఆమెకు ఒక్కసారి కూడా రాలేదు. నేను సంతోషించాలి కదా? కడుపు రగిలిపోయింది. జనవరి చివర్లో ఒక రోజు వచ్చి చూస్తే, నువ్వు వేసిన రెండు జడలతో, బడిపిల్లలా, నీ మాటలకు పగలబడి నవ్వుతోంది. నా దగ్గర ఆమె అలా నవ్వగా చూడలేదు.

ఆ రోజే మేర్వి గారి దగ్గరికెళ్ళి, మోకాళ్ళ నొప్పులని చెప్పి అవతలి వరండాకు మారిపోయాను. నా మోకాళ్ళు శుభ్రంగా ఉన్నాయి. శనివారపు స్నానం కూడా నీకే వదిలేశాను. అప్పటి నుంచి సాయంత్రం ఏడింటికి మాత్రలిచ్చేటప్పుడు తప్ప ఎల్మా నాకు కనబడేది కాదు. నన్ను చూడగానే బాత్రూముకు తీసుకెళ్ళమని చెయ్యి చాపేది. పొద్దంతా ఈమెను ఎవరూ పట్టించుకోలేదన్నమాట, పిన్యా గొప్పతనం ఇంతే అని లోపల మురిసిపోయేదాన్ని.

ఇప్పుడు అసలు సంగతి. రెండు గంటల కాఫీకి నేను అవతలి బల్ల దగ్గర కూర్చుంటాను కదా. అక్కడి నుంచి ఎల్మా చెయ్యి బాగా కనబడుతుంది. యాలకుల బన్ను తినేది. కాఫీ పెదవులకు తాకించేది. రసం గ్లాసును మాత్రం మెల్లగా ఓస్మో ముందుకు జరిపేది. ఆయన రెండూ తాగి మీసం తుడుచుకునేవాడు. ఖాళీ గ్లాసు మళ్ళీ ఎల్మా ముందుకు వచ్చేది. నువ్వు రెండు ఖాళీ గ్లాసులు చూసి, ఇద్దరి పేర్ల పక్కనా టిక్కు పెట్టేదానివి. నీ తప్పేముంది? కంచంలో ముక్క వదలని రైతు ఇల్లాలిని ఇక్కడెవరం అనుమానిస్తాం? నీ కాగితం గ్లాసును చూసిందే గానీ, నోటిని చూడలేదు.

మూడు వారాలు చూశాను. లేచి నాలుగడుగులు వేసి నీ చెవిలో ఒక్క మాట చెబితే అయిపోయేది. చెప్పలేదు. బోర్డు సున్నాకి రావాలని కోరుకున్నాను. ఎల్మాకు కాస్త మంట వస్తుంది, అందరూ మళ్ళీ నా దగ్గరికొస్తారు, మాత్రలతో తగ్గిపోతుంది అనుకున్నాను. నూరో రోజుకు మేర్వి గారు కేకు ఆర్డరిచ్చారు. తొంభై ఎనిమిదో రోజు ఎల్మా వణుకుతూ తన పేరే మర్చిపోయింది. నువ్వు అంబులెన్సులో వెళ్ళావు. నువ్వు వెళ్ళగానే ఆ బోర్డు తుడిచింది నేను. కేకు రానే వచ్చింది. ఓస్మో రెండు ముక్కలు తిన్నాడు, ఇంకెవరూ ముట్టలేదు.

నిన్న ఇదంతా మేర్వి గారికి చెప్పేశాను. ఆవిడ కోప్పడలేదు. పిన్యాకు నువ్వే రాయి అన్నారు. నా మీద చర్య ఉంటుంది, ఉండాలి. నువ్వు మాత్రం వచ్చెయ్. నువ్వు లేని ఈ పదకొండు రోజుల్లోనే స్ట్రిప్పులు మళ్ళీ బయటికొచ్చాయి. ఓస్మోకు ఏ జబ్బూ లేకుండానే మందు మొదలుపెట్టారు. నిన్ను చూస్తే నాకిప్పటికీ అసూయే, దాచను. అయినా వచ్చెయ్.

నీ మేలు కోరే,
రౌని

తా.క. ఉత్తరం పోస్టులో వేయబోతూ, ముందు బస్సెక్కి ఆసుపత్రికి వెళ్ళాను. రసం ఎందుకు తాగలేదని ఎల్మాను అడిగాను. ఆమె నన్ను తెలివితక్కువదాన్ని చూసినట్టు చూసింది. "ఆ పిల్ల మంచిదే, నవ్విస్తుంది. కానీ బాత్రూముకు దానితో ఎలా వెళ్ళేదమ్మాయ్, సిగ్గు కాదూ? వద్దనేదాన్ని. నువ్వేమో ఏడింటికి గానీ రావు. నువ్వొచ్చేదాకా ఆగాలంటే తాగకూడదుగా" అంది. అని, మంచం పక్కనున్న గ్లాసు అందుకుని నీళ్ళన్నీ తాగేసి, నా వైపు చెయ్యి చాపింది.